ఆ అంకె ఎవరిది?

అండాశయ క్యాన్సర్ వచ్చిన స్త్రీ జీవితంలోకి జబ్బుతోపాటు ఒక అంకె కూడా వచ్చి కూర్చుంటుంది. దాని పేరు సిఎ-125. రక్తంలో కనబడే ఒక ప్రోటీను అది. మిల్లీలీటరుకు 35 యూనిట్ల లోపుంటే మామూలు, దాటితే అనుమానం అని ల్యాబ్ రిపోర్టు మీద పక్కనే అచ్చు వేసి ఉంటుంది. ఆపరేషన్‌కి ముందు, కీమో నడిచినన్నాళ్లూ, చికిత్స అయిపోయాక కొన్ని నెలలకోసారి ఆ అంకె కోసం ఆమె చేతి నుంచి రక్తం తీస్తారు. రక్తం ఆమెది. రిపోర్టు కవరు మాత్రం భర్త చేతికో, కొడుకు చేతికో, అల్లుడి చేతికో వెళ్తుంది. "బాగానే ఉందట" అన్న ఒక్క మాట ఆమె మంచం దాకా వస్తుంది.

నేనిక్కడ అడగదలచుకున్నది వైద్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఒక మనిషి ముందు ముందు ఎలా ఉండబోతోంది, ఎంతకాలం ఉండవచ్చు అన్న అంచనా ఎవరి సొత్తు? దాన్ని ఆమెకి తెలియకుండా దాచే అధికారం ప్రేమకి ఉందా? "నాకు తెలియనక్కర్లేదు" అనే అధికారం ఆమెకి ఉందా? ఈ రెండూ ఎదురెదురు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, నిజానికి ఒకే ప్రశ్న అని నా ఉద్దేశం.

ముందు ఆ అంకెకి ఏం తెలుసో, ఏం తెలియదో చూద్దాం. 1981లో అమెరికాలో రాబర్ట్ బాస్ట్, రాబర్ట్ నాప్, వారి సహచరులు అండాశయ క్యాన్సర్ కణాలను గుర్తుపట్టే ఒక యాంటీబాడీని తయారుచేశారు. వరసగా పరీక్షిస్తూ పోయినవాటిలో అది 125వది. పేరులోని 125 అక్కడిదే. 1983 నాటికి రక్తంలో ఆ ప్రోటీన్‌ని కొలిచే పరీక్ష వచ్చింది. అయితే ఈ ప్రోటీన్‌ని క్యాన్సర్ ఒక్కటే తయారు చేయదు. కడుపు లోపలి పొర, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర, గర్భాశయం లోపలి పొర - వీటికి చికాకు కలిగినప్పుడల్లా ఇది పెరగవచ్చు. నెలసరిలో పెరుగుతుంది, గర్భం తొలి నెలల్లో పెరుగుతుంది, ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది, కాలేయం చెడినా పెరుగుతుంది. మరోపక్క, తొలి దశలో ఉన్న అండాశయ క్యాన్సర్లలో దాదాపు సగం ఈ పరీక్షకి దొరకనే దొరకవు.

మన దేశంలో ఇంకో సంగతి కూడా ఉంది. కడుపులో క్షయ వచ్చినప్పుడు నీరు చేరుతుంది, బరువు తగ్గుతారు, స్కానింగ్‌లో గడ్డల్లా కనిపిస్తాయి, సిఎ-125 వందల్లోకి పోతుంది. అచ్చం ముదిరిన అండాశయ క్యాన్సర్‌లాగే ఉంటుంది. కానీ అది మాత్రలతో నయమయ్యే జబ్బు. అంకెని మాత్రమే చూసి భయపడి, ముక్క పరీక్ష చేయించకుండా ఆశ వదులుకుంటే అది ఎంత అన్యాయం!

ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లందరికీ ఈ పరీక్ష చేస్తే జబ్బుని ముందే పట్టుకుని ప్రాణాలు కాపాడవచ్చని ఒకప్పుడు గట్టిగా ఆశపడ్డారు. అలా ఆశపడటం సహజం. ఎందుకంటే ఈ జబ్బు చాలామందిలో కడుపంతా పాకాకే బయటపడుతుంది. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే నిండిపోవడం, మాటిమాటికీ మూత్రం - ఇవి దాని లక్షణాలు. మన ఇళ్లలో ఆడవాళ్లు గ్యాసు మాత్ర వేసుకుని వంటపని చేసుకుపోయే లక్షణాలు. ఆ ఆశని అమెరికాలో 78 వేలమందికి పైగా స్త్రీలతో పరీక్షించి 2011లో ఫలితం చెప్పారు. ఏటేటా పరీక్ష చేసినా, అండాశయ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య తగ్గలేదు. పైగా జబ్బు లేకుండానే 3,285 మందికి 'అనుమానం' అని వచ్చింది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్లు చేశారు. వాళ్లలో 163 మంది తీవ్రమైన ఇబ్బందుల పాలయ్యారు. బ్రిటన్‌లో 2 లక్షలమందికి పైగా స్త్రీలతో ఇంకా జాగ్రత్తగా చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఒకే గీత దాటిందా లేదా అని కాకుండా, ఒక్కొక్కరిలో అంకె ఏళ్ల తరబడి ఎలా మారుతోందో చూశారు. జబ్బుని కొంత ముందు పట్టుకోగలిగారు. మరణాలు మాత్రం తగ్గలేదు.

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది, తొమ్మిదిమందికి తీసేశారు. "ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది" అన్న ఒక్క మాటతో ఎంతమంది ఆడవాళ్లు ఆ బల్ల ఎక్కారో మనకి తెలియనిది కాదు. పిల్లలు పుట్టేశాక ఆ భాగాలతో పనేముంది అనుకునే చోట, ఒక తప్పుడు అనుమానం విలువ ఒక ఆపరేషన్. కాబట్టి ఒంట్లో ఏ ఇబ్బందీ లేని స్త్రీ ప్యాకేజీలో ఉంది కదా అని ఈ పరీక్ష చేయించుకోవడం జాగ్రత్త అనిపించుకోదు. తల్లికో అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు డాక్టర్‌తో విడిగా మాట్లాడవలసిందే.

జబ్బు ఉందని తేలినవాళ్ల విషయంలో ఆ అంకె ఎక్కువ నిజాయితీగా మాట్లాడుతుంది. మొదట ఎంత ఉందన్నదాని కన్నా, కీమో మొదలయ్యాక ఎంత తొందరగా పడిపోతోందన్నది ముఖ్యం. తొందరగా పడిపోతే మందు పనిచేస్తోందని అర్థం. దాంతోపాటు జబ్బు ఏ దశలో దొరికింది, ఆపరేషన్‌లో కంటికి కనబడే గడ్డ అంతా తీయగలిగారా, అది ఏ రకం కణాలది - ఇవన్నీ కలిపి డాక్టర్లు ఒక అంచనాకి వస్తారు. ఆ అంచనా గుంపు గురించిన లెక్క. 'సగంమంది మూడేళ్లు దాటి బతికారు' అంటే, 'నువ్వు మూడేళ్లు బతుకుతావు' అని కాదు. స్టీఫెన్ జే గౌల్డ్ అనే జీవశాస్త్రవేత్తకి 1982లో ఒక అరుదైన క్యాన్సర్ వచ్చింది. అది వచ్చినవాళ్లలో సగంమంది ఎనిమిది నెలలు దాటరని పుస్తకాల్లో ఉంది. ఆ లెక్కని భయంతో కాకుండా లెక్కగా చదివి, తను ఏ సగంలో ఉండవచ్చో ఆలోచించి, ఒక వ్యాసం రాశాడు. ఇంకో ఇరవయ్యేళ్లు బతికాడు. అదృష్టం ఉంది, నిజమే. కానీ ఆ లెక్క అతని చేతిలో ఉంది. చదివి, ప్రశ్నించి, తన బతుకుకి అన్వయించుకునే అవకాశం అతనికి దొరికింది. మన ఆడవాళ్లలో ఎంతమందికి అది దొరుకుతోంది?

ఈ విషయంలో మన నిబంధనలేమంటున్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. భారత వైద్యమండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళిలో జబ్బు అంచనా గురించి ఒక నియమం ఉంది. డాక్టరు తీవ్రతని పెంచి చెప్పకూడదు, తగ్గించి చెప్పకూడదు. అంతవరకు బాగుంది. ఆ తరవాత, రోగికి, బంధువులకు లేదా బాధ్యత గల స్నేహితులకు, రోగికీ కుటుంబానికీ మేలు చేసేంత మేరకు విషయం తెలిసేలా చూడాలంటుంది. అంటే బంధువులకి చెప్తే డాక్టరు బాధ్యత తీరిపోయినట్టే. అదే నియమావళిలో ఆపరేషన్‌కి ఎవరి సంతకం కావాలో చెప్పేచోట భర్త లేక భార్య ముందు వస్తారు, మైనర్లయితే తల్లిదండ్రులు లేక సంరక్షకులు వస్తారు, రోగి అందరికన్నా చివర వస్తుంది. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు ప్రకటించి, ఆ నెలలోనే వాటిని పక్కన పెట్టి, మళ్లీ ఈ పాతవాటినే నిలబెట్టారు.

సుప్రీంకోర్టు మాత్రం 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా మాట్లాడింది. ఆమె 44 ఏళ్ల అవివాహిత. రక్తస్రావం ఎక్కువగా ఉందని 1995లో డాక్టర్ దగ్గరకి వెళ్లింది. లోపల ఏముందో చూడడానికి మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి అంగీకారం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. డాక్టరు మంచి ఉద్దేశంతోనే చేసినా, తెలివి ఉన్న పెద్దమనిషి తరపున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని, చూడడానికి ఒప్పుకోవడం తీసేయడానికి ఒప్పుకోవడం కాదని కోర్టు అంది. తల్లికే లేని అధికారం కొడుక్కీ అల్లుడికీ ఎక్కడినుంచి వచ్చింది?

ఆ అధికారం చట్టం నుంచి వచ్చింది కాదు, అంతకన్నా పాతది. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి అబద్ధం ఎక్కడెక్కడ ఆడవచ్చో ఒక జాబితా చెప్తాడు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు - ఇలా సాగుతుంది. ఆ పద్యం రానివాళ్లకి కూడా ఆ నీతి వచ్చు. క్యాన్సర్ వచ్చిన స్త్రీ ఆ జాబితాలో రెండుసార్లు ఇరుక్కుంటుంది. ఆడది కాబట్టి ఒకసారి, ప్రాణాపాయంలో ఉంది కాబట్టి ఇంకోసారి. పెళ్లికావలసిన కూతురుంటే మూడోసారి కూడా.

మా మేనత్త విషయంలో ఇది దగ్గరగా చూశాను. భర్త పోయాక ఎకరంన్నర పొలం, నాలుగు గేదెలతో ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఊళ్లో ఆడవాళ్ల చీటీలు ఇరవయ్యేళ్లు నడిపింది. ఎవరెంత కట్టారో కాగితం చూడకుండా చెప్పేది. జబ్బు తిరగబెట్టినప్పుడు, నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టరు ఆమె పక్కనే కూర్చోబెట్టుకుని, మా బావతో ఇంగ్లీషులో మాట్లాడి పంపించాడు. బావ చెడ్డవాడు కాదు. ఆసుపత్రి వరండాలో నేలమీద పడుకుని తల్లిని చూసుకున్నాడు, గేదెల్ని అమ్మాడు. "అమ్మ తట్టుకోలేదు" అన్నది అతని మాట. మొగుడు పోయిన మర్నాడు పాలు పితికిన మనిషి తట్టుకోలేదట!

నాలుగు నెలల తరవాత నేను వెళ్లినప్పుడు, ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, పరుపు కిందనుంచి రిపోర్టులు తీసి నా చేతిలో పెట్టింది. "మీ బావ మొహం చూసి ఆ అంకె పెరిగిందని ఎప్పుడో తెలుసుకున్నానే. ఎంతకి పెరిగిందో చదువు. జనం డబ్బు నా దగ్గరుందమ్మా" అంది. చదివాను. తేదీలతో సహా మళ్లీ ఒకసారి చదవమంది. కాసేపు ఊరుకుని పెన్ను తెమ్మంది. వారం రోజుల్లో రెండు చీటీల లెక్కలు తేల్చి అందరికీ అప్పజెప్పింది. కాపురం చెడి పుట్టింటికి వచ్చిన పెద్దకూతురి పేర పొలం రాయించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించింది. ఒక్క పని మిగిలిపోయింది. పదకొండేళ్లుగా మాటల్లేని మా చిన్నత్తని వెళ్లి చూడాలనుకుంది. చిన్నత్త పక్షవాతంతో కదల్లేదు. ఈవిడకి అప్పటికే కడుపులో నీరు చేరి బస్సు ఎక్కే స్థితి లేదు. ఫోన్లో మాట్లాడుకున్నారు. అది చాలదని ఇద్దరికీ తెలుసు. నాలుగు నెలల ముందైతే తన కాళ్ల మీద తను వెళ్లివచ్చేది.

దాచడంవల్ల పోయేది ఇదే. ఆమె ఆయుష్షు తగ్గలేదు. ఆమె నడవగలిగిన రోజులు, నిర్ణయాలు చేయగలిగిన రోజులు ఆమెకి తెలియకుండానే ఖర్చయిపోయాయి.

దీనికి ఎదురువాదన ఉంది, అది తేలికైందేమీ కాదు. 'అంతా నాకే చెప్పు, నా నిర్ణయం నాది' అనే ఒంటరి మనిషి పాశ్చాత్య దేశాల ఊహ, మన దగ్గర జబ్బు కుటుంబానిది, ఖర్చు కుటుంబానిది, భారం పంచుకోవడమే ప్రేమ అంటారు. ఇందులో నిజముంది. తల్లి భయాన్ని తను మోయాలనుకున్న కొడుకుని నేను వెక్కిరించలేను. అయితే నాకొక చిన్న పరీక్ష తోస్తుంది. ఆ ఇంట్లో జబ్బు పడింది తండ్రి అయితే ఇలాగే దాస్తారా? కొన్నిళ్లలో దాస్తారు. కానీ చాలా ఇళ్లలో ఏదో ఒక రోజు ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి పక్కన కూర్చుని, అప్పుల సంగతి, బ్యాంకు కాగితాలు, పొలం పంపకం మాట్లాడతాడు. అతను చక్కబెట్టవలసిన వ్యవహారాలున్న మనిషి కాబట్టి చెప్పక తప్పదు. ఆడదానికి ఏం వ్యవహారాలుంటాయి అనుకుంటారు కాబట్టి ఆమెకి చెప్పకపోయినా నడుస్తుంది. చీటీ లెక్కలు, కూతురి భవిష్యత్తు, చెల్లెలితో తెగిన మాట - ఇవి వ్యవహారాలు కావా? 'తట్టుకోలేదు' అనే మాట ఆమె గుండె గురించి కాదు, ఆమె బతుకు విలువ గురించి మనకున్న అభిప్రాయం గురించి చెప్తోంది.

పంచుకోవాలంటే ముందు తెలియాలి కదా. ఒకరికి తెలిసి, ఇంకొకరికి తెలియనప్పుడు జరిగేది పంచుకోవడం కాదు. పైగా, దాచినా ఆమెకి తెలుస్తుంది. తెలియనట్టు నటించే పని కూడా ఆమె మీదే పడుతుంది. చావుకి దగ్గరగా ఉన్న మనిషి చుట్టూ ఉన్నవాళ్ల మనశ్శాంతి కోసం నటించడం - జీవితమంతా చేసిన చాకిరీలో ఇది ఆఖరిది.

ఇప్పుడు రెండో ప్రశ్న. తెలుసుకోవడం హక్కయితే, తెలుసుకోకపోవడం? ఇక్కడ 2010లో వెలువడిన ఒక అధ్యయనం ప్రస్తావించాలి. మొదటి చికిత్స తరవాత జబ్బు పూర్తిగా తగ్గినట్టు కనిపించిన స్త్రీలకి మూడేసి నెలలకి సిఎ-125 పరీక్ష చేస్తూ, ఫలితం వాళ్లకీ చెప్పలేదు, డాక్టర్లకీ చెప్పలేదు. అంకె రెట్టింపు దాటిన 529 మందిని రెండు భాగాలు చేశారు. సగంమందికి వెంటనే చెప్పి కీమో మొదలుపెట్టారు. మిగతా సగానికి లక్షణాలు కనిపించాకే మొదలుపెట్టారు. మొదటివాళ్లకి దాదాపు అయిదు నెలల ముందు కీమో మొదలైంది. బతికిన కాలం మాత్రం ఇద్దరికీ ఒకటే. ముందు తెలిసినవాళ్లు ఆ అయిదు నెలలూ ముందుగా మందు బాధ పడ్డారు, అంతే. ఆ తరవాత కొత్త మందులు వచ్చాయి. జబ్బు తిరగబెట్టిన కొందరిలో రెండో ఆపరేషన్ మేలు చేస్తుందని కూడా తేలింది. కాబట్టి ఆ ఫలితం అందరికీ యథాతథంగా వర్తించకపోవచ్చు. అయినా అది ఒక విషయం నేర్పింది. తొందరగా తెలుసుకోవడం ఎప్పుడూ మంచిదే అన్నది కూడా ఒక నమ్మకమే.

నా స్నేహితురాలు ఒకావిడ, రిటైరయిన టీచరు, డాక్టరు దగ్గర ఇదంతా విడమరిచి చెప్పించుకుని, "ఈ రక్తపరీక్ష నాకొద్దు. కడుపు ఉబ్బినా నొప్పి వచ్చినా నేనే వస్తాను" అని చెప్పేసింది. ప్రతి పరీక్షకీ పది రోజుల ముందునుంచీ నిద్ర ఉండేది కాదట. ఇప్పుడు ఆ పది రోజులు ఆమెవి. మా అత్త అంకె అడిగింది, ఈమె అంకె వద్దంది. ఇద్దరూ చేసింది ఒకే పని. ఎంత తెలియాలో తామే తేల్చుకున్నారు. దాచిపెట్టబడినామెకీ, వద్దని చెప్పినామెకీ ఇద్దరికీ అంకె తెలియదు. కానీ ఒకామె బతుకు ఇంకొకరి చేతిలో ఉంది, ఇంకొకామె బతుకు తన చేతిలో ఉంది.

అయితే ఈ హక్కుకి ఒక హద్దు ఉంది. అండాశయ క్యాన్సర్లలో కొన్ని తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యులోపాలవల్ల వస్తాయి. బిఆర్‌సిఎ-1, బిఆర్‌సిఎ-2 అనే జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు కణంలో తెగిన డిఎన్ఏకి మరమ్మతు చేస్తాయి. అవి చెడితే జబ్బు అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. విచిత్రమేమిటంటే, ఆ లోపం ఉన్నవాళ్ల గడ్డలు కొన్ని మందులకి బాగా లొంగుతాయి. ఆ లోపం కూతురికీ కొడుక్కీ కూడా సగానికి సగం అవకాశంతో వెళ్తుంది. ఇక్కడ దాచడం ఒక్క మనిషితో ఆగదు. "తెలిస్తే పిల్ల పెళ్లి ఆగిపోతుంది" అని తల్లి జబ్బు పేరు దాస్తే, ముప్ఫై అయిదేళ్లకి జాగ్రత్తపడవలసిన కూతురు నలభై అయిదేళ్లకి అదే వార్డులో చేరవచ్చు. తన అంకె వద్దనే హక్కు తల్లికి ఉంది. కూతురి ప్రాణానికి సంబంధించిన సమాచారాన్ని ఆపే హక్కు తల్లికీ లేదు, తండ్రికీ లేదు, కాబోయే వియ్యాలవారి భయానికి అసలే లేదు.

ఇవన్నీ పెద్ద మార్పులు జరిగాక చూసుకుందామని ఊరుకోవలసినవి కావు. డాక్టరు మొదటిరోజునే, బంధువుల్ని కాసేపు బయట ఉండమని, ఆమెని తెలుగులో రెండు ప్రశ్నలు అడగవచ్చు. "మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు చెప్పమంటారు? మీతోపాటు ఇంకెవరికి చెప్పమంటారు?" "మా అబ్బాయికే చెప్పండి" అంటే అబ్బాయికే చెప్పవచ్చు. అప్పుడు అది ఆమె అప్పగించిన బాధ్యత అవుతుంది. రేపు మనసు మారితే మళ్లీ అడగవచ్చు. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, అయిదు నిమిషాలు చాలు.

మనం కూడా ఆసుపత్రి పాలయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఒంట్లో బాగున్నప్పుడే అమ్మని, అత్తని, మనల్ని మనం అడిగి పెట్టుకోవచ్చు. జవాబు ఏదైనా కావచ్చు. అది ఆమె నోటి నుంచి రావాలి.